తడి జుట్టుతో అంతరిక్షానికి వెళ్లరాదు

ప్రపంచంలోని ప్రతి సినిమాకూ ఎన్ని బలాలుంటాయో సరిగ్గా అన్నే బలహీనతలుంటాయి. ఇది నా అభిప్రాయం కాదు, పద్నాలుగో నిబంధన. బలాలు ఎక్కువైతే అది ప్రకటన, బలహీనతలు ఎక్కువైతే అది కళ. (కళ మా పరిధిలోకి రాదు. దానికి పై అంతస్తులో వేరే గది ఉంది. తాళం చెవి పోయి ఆరేళ్లయింది.) సెర్బియాలో, మొరావా నది ఒడ్డున ఉన్న మా ఊరి యువజన చలనచిత్రాల బలాబలాల నిర్ణయ సంఘానికి నేను కార్యదర్శిని. ముద్ర నా దగ్గరే ఉంటుంది. అది పడని సినిమాను ఊరి హాల్లో ఆడించకూడదు.

జూన్ మొదటి సోమవారం హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పే నెవెనా టీచరు ఒక సినిమా పట్టుకొచ్చింది. పేరు ‘ఏడో వలయం పిల్లలు’. శనిగ్రహం చుట్టూ తిరిగే నౌకలో పందొమ్మిది మంది పిల్లలు ఇనుప మనుషులతో కలబడి భూమిని కాపాడతారు. నిడివి గంటన్నర. నటించింది ఆమె తరగతి పిల్లలే, తీయడానికి మూడేళ్లు పట్టిందట.

“శనివారానికి హాలు అడిగి పెట్టుకున్నానండీ,” అంది. “ఆదివారం నుంచి ఎవరి దారి వాళ్లది. సగం మంది జర్మనీ బస్సెక్కుతున్నారు. అందరూ పక్కపక్కన కూర్చుని తమ సినిమా తాము ఒక్కసారి చూసుకోవాలి. నాకింకేం వద్దు.”

“చూసుకుందురుగానీ లేవే అమ్మాయ్. ముందు కాఫీ తాగు,” అన్నారు మా అధ్యక్షురాలు దెసాంకా గారు.

మా సంఘంలో ముగ్గురం. పోస్టాఫీసులో ముప్ఫై ఏళ్లు చేసి రిటైరైన దెసాంకా గారు ప్రజల తరఫున, పశువుల డాక్టరు గ్వోజ్దెన్ సైన్సు తరఫున, నేను ముద్ర తరఫున. ముగ్గురం కూర్చుని సినిమా చూశాం. బలాలు చకచకా ఐదు తేలాయి. శనిగ్రహం గుండ్రంగా ఉంది (సైన్సు ధ్రువీకరించింది). విలన్ నవ్వు గది చివరి దాకా వినిపించింది. కాల్చేముందు పిల్లలు ఇనుప మనుషుల్ని ‘మీరు’ అని పిలిచారు. మిగతా రెండూ కూడా ఇలాంటివే.

బలహీనతల దగ్గరే చిక్కొచ్చింది. ఇనుప మనుషుల చేతులు పొయ్యి పొగ గొట్టాలని తెలిసిపోతోంది. (“ఆగండాగండి, అది మా ఇంటి గొట్టం! చలికాలం నుంచి వెతుకుతున్నాను!” అని డాక్టరు గారు లేచి నిలబడ్డారు.) కాంతి వేగం గురించి నాలుగుసార్లు పాఠం చెప్పారు. ఎంత గాలించినా నాలుగు బలహీనతల దగ్గరే ఆగిపోయాం.

పాపం నెవెనాయే సాయం చేయబోయింది. “చివరి యుద్ధం చీకట్లో తీశామండీ, ఎవరు ఎవర్ని కొడుతున్నారో నాకే తెలీదు. అది రాసుకోండి.”

“కరెంటు ఆదా కదమ్మా,” అన్నారు డాక్టరు గారు. అది ఆరో బలమైంది.

ఆరుకి నాలుగు. ఇంకొకసారి వేసి చూశాం. పదకొండో నిమిషంలో కథానాయిక విష్న్యా తలంటు పోసుకుని, తడి జుట్టుతో, వట్టి కాళ్లతో వచ్చి, ఎదురెదురుగా తెరిచి ఉన్న రెండు నౌకా ద్వారాల మధ్య నిలబడింది.

“ప్రోమాయా!” అని దెసాంకా గారు కెవ్వుమన్నారు.

ఎదురెదురు తలుపుల మధ్య నుంచి దూసుకొచ్చే గాలికి మేం పెట్టుకున్న పేరది. యుద్ధాలు చూశాం, వరదలు చూశాం, మా వాళ్లు భయపడేది దానికొక్కదానికే. మెడ పట్టేసినా, పన్ను నొప్పెట్టినా, మనిషి పోయినా కారణం అదే. నాకు తెలియకుండానే లేచి ఆఫీసు కిటికీ మూసేశాను.

“అంతరిక్షంలో గాలి ఉండదండీ,” అంది నెవెనా.

“గాలే లేకపోతే మరీ ప్రమాదం,” అంది సైన్సు.

“అయ్యయ్యో, ఇనుప మనిషి విష్న్యాని మూడంతస్తుల మీంచి విసిరేస్తాడు కదండీ! దానికేం అనలేదే!”

“అది సినిమా. ఇది వీపు,” అన్నారు దెసాంకా గారు.

ఆరోగ్యానికి హాని చేసేది రెండు బలహీనతల కింద లెక్క. ఆరుకి ఆరు సరిపోయాయి. కానీ హానిని సరిదిద్దేదాకా ముద్ర వేయకూడదు. ఇది ఇరవై మూడో నిబంధన. (రాసింది నేనే.)

“దీని తల్లి ఏదే?” అని అడిగారు దెసాంకా గారు.

“మొదటి నిమిషంలోనే పోతుందండీ. ఇలాంటి సినిమాల్లో తల్లులుండరు.”

“తెలుస్తూనే ఉంది. ఉంటే పిల్ల ఇలా తిరుగుతుందా? బతికించు.”

గురువారానికి తల్లిని బతికించారు. అంత తొందరలో నటి దొరక్క దెసాంకా గారే ఒప్పుకున్నారు. ఉన్ని మేజోళ్లు, చెప్పులు, ఒంటికి రుద్దడానికి ఒక సీసా ఇంటి సారా సొంతంగా తెచ్చుకున్నారు. నౌకలోకి వచ్చి రెండు ద్వారాలూ ధడాలున మూసి గడియ పెట్టారు. విష్న్యా తలకి తువ్వాలు చుట్టి, “నడు లోపలికి! మళ్లీ ఈ తలుపు ఎవరు తీసినా కాళ్లు విరగ్గొడతా,” అన్నారు. ఒక్క టేకులో అయిపోయింది.

శుక్రవారం నెవెనా ఎర్రబడ్డ కళ్లతో వచ్చింది.

“దెసాంకా గారూ, ఇనుప మనుషులు లోపలికొచ్చేది ఆ తలుపులోంచే. మూసేస్తే రాలేరు. వాళ్లు రాకపోతే యుద్ధం లేదు. మిగతా పద్దెనిమిది మంది పిల్లలు కనబడేది యుద్ధంలోనే. మూడేళ్లు ఎండల్లో ఆ గొట్టాలు తొడుక్కుని పరిగెత్తారండీ నా పిల్లలు. వాళ్లకి నేనేం చెప్పను?”

“అయితే ఏమంటావ్, తలుపు తెరిచి పెట్టమంటావా?” అన్నారు దెసాంకా గారు. ఆవిడ గొంతులో కోపం లేదు, నిజంగానే భయం ఉంది.

నెవెనా డాక్టరు గారి వైపు చూసింది. ఆయన కాఫీ కప్పులోకి చూసుకున్నారు. తర్వాత నా వైపు చూసింది. నాకు చాలా బాధేసింది. సినిమాను పన్నెండో నిమిషానికి ముగించి, మళ్లీ లెక్కేశాం. బలం: తలుపులు మూసి ఉన్నాయి. బలహీనత: తొందరగా అయిపోయింది. ఒకటికి ఒకటి. ముద్ర వేశాను.

శనివారం హాలు కిటకిటలాడింది. జూన్ ఉక్కలో కిటికీలన్నీ బిగించారు. పందొమ్మిది మంది పిల్లలు ఇస్త్రీ చొక్కాలతో మొదటి వరుసలో కూర్చున్నారు. విష్న్యా తలకి తువ్వాలు చుట్టగానే తల్లులందరూ లేచి చప్పట్లు కొట్టారు, కొందరు కళ్లు తుడుచుకున్నారు. దీపాలు వెలిగాయి. మొదటి వరుస మాత్రం కదలలేదు. విరామం అనుకున్నారు.

“టీచర్,” అన్నాడు ఒకడు వెనక్కి తిరిగి, “మేం ఎప్పుడొస్తాం?”

నెవెనా గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

సెప్టెంబరులో జిల్లా ఉత్తమ బాలనటి బహుమతి దెసాంకా గారికి ఇచ్చారు. దరఖాస్తులో వయసు దగ్గర అరవై మూడని నేనే రాశాను, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.