శాలువా ఓర్వని భుజం

ప్రత్తిపాడు సాంస్కృతిక రంగానికి ఈ జనవరిలో తీరని లోటు ఏర్పడింది. కళాసంఘం అధ్యక్షులు శివనాగరాజు గారు బతికే ఉన్నారు గానీ, ఆయన ఎడమ భుజం శాలువాలకు అందుబాటులో లేకుండా పోయింది.

అక్కి వచ్చి మానింది. పొక్కులు పోయాయి, మచ్చలు మిగిలాయి, మచ్చల కింద నరం మాత్రం ఊరుకోలేదు. చొక్కా తగిలితే పండుమిరపకాయ రుద్దినంత మంట. ముప్పై ఏళ్లుగా ఆ ఊళ్లో రక్తదానమైనా, బడి వార్షికోత్సవమైనా ఆయనకు సన్మానం జరగనిదే మొదలయ్యేది కాదు, ఆయన స్పందన ముగియనిదే పూర్తయ్యేదీ కాదు. స్పందన గంటంపావు.

గుంటూరు నరాల డాక్టరు ఇచ్చిన మాత్రలతో మంట సగం తగ్గింది. మిగతా సగానికి ఆక్యుపంక్చర్ కూడా చేయించి చూడమన్నారాయన. భార్య వెంకటేశ్వరమ్మ గారు బస్టాండు వీధిలో సైమా అనే అమ్మాయి నడిపే ఆక్యుపంక్చర్ క్లినిక్కుకి తీసుకెళ్లారు. సైమా మొదటి రోజే చెప్పేసింది: మాత్రలు ఆపకూడదు, సూదులు వాటికి తోడే గానీ బదులు కావు, ఎంత తగ్గుతుందో ముందే చెప్పలేను అని. ఇంత తక్కువ హామీ ఇచ్చే మనిషిని శివనాగరాజు గారు ఏ వేదిక మీదా చూసి ఉండలేదు.

పైగా నొప్పి భుజంలో ఉంటే ఆ పిల్ల సూదులు చేతికీ కాలికీ గుచ్చింది. అధ్యక్షుణ్ణి వదిలేసి కార్యవర్గ సభ్యులను సత్కరించినట్టుందని ఆయన నొచ్చుకున్నారు.

నొప్పి సున్నా నుంచి పది వరకు ఎంతని సైమా వారం వారం అడిగేది. ఆయన జవాబు బట్టల్లో ఉండేది. మూడో వారం నూలు కండువా ఓర్చుకోగలిగారు. ఐదో వారం మంగళగిరి నేత. జరీ అంచు మాటెత్తితే కళ్లలో నీళ్లు తిరిగేవి. అది నొప్పికో జ్ఞాపకానికో తెలియక సైమా కేసు షీటులో యథాతథంగా రాసుకునేది.

ఈలోగా ఊళ్లో కొన్ని అవాంఛనీయ పరిణామాలు చోటుచేసుకున్నాయి. సభలు ఏడింటికల్లా ముగిశాయి. పిల్లలు నిద్రపోకముందే బహుమతులు అందుకున్నారు. మిర్చి రైతుల సదస్సులో మొట్టమొదటిసారిగా మిర్చి గురించి మాట్లాడారు. నల్ల తామర పురుగు మీద వ్యవసాయాధికారి అరగంట చెబితే, రైతులు రాసుకున్నారు కూడా.

ఎనిమిదో వారం శివనాగరాజు గారు ఒంట్లో పద్నాలుగు సూదులతో పరదా వెనక పడుకుని ఉండగా, సంఘం కార్యదర్శి భావనారాయణ గారు నలుగురు పెద్దలతో క్లినిక్కులో అడుగుపెట్టారు.

"అమ్మా, శివనాగరాజు గారు పెద్దాయన. తొందరపడి నయం చెయ్యొద్దు. నిదానంగా, వచ్చే ఏడాదికి చూద్దాం."

"మీకేమిటండీ ఇబ్బంది?"

"మాకేం లేదమ్మా. ఊరు కాస్త అలవాటు పడింది."

సైమా పరదా వైపు చూసి, పేషెంట్ల సంగతి బయటివాళ్లతో మాట్లాడనని చెప్పి వాళ్లను పంపేసింది.

శివనాగరాజు గారు లేవబోయారు. సూదులు లేవనివ్వలేదు. ముప్పై ఏళ్లలో ఒక మాటకు ఆయన స్పందించకుండా ఉండటం అదే మొదలు. ఇరవై నిమిషాలు పైకప్పు చూస్తూ, తాను మాట్లాడుతుండగా ఎవరెవరు చెప్పులు వెతుక్కున్నారో ఒక్కొక్కరినే గుర్తు చేసుకున్నారు. సూదులు తీస్తూ సైమా "ఇవాళ నొప్పి ఎంతండీ?" అని అడిగితే, "భుజంలోనా?" అన్నారు.

ఇకమీదట శాలువా ముట్టనని ఇంట్లో ప్రకటించారు. వెంకటేశ్వరమ్మ గారు అలాగేనని, పట్టు పంచె ఇస్త్రీకి పంపారు.

తర్వాతి వారం గ్రంథాలయ వార్షికోత్సవం. ఆయన మామూలు శ్రోతలాగా ముందు వరుసలో కూర్చున్నారు. భావనారాయణ గారు మైకు అందుకున్నారు.

"మూడు నెలలుగా మన ఊరికి పట్టిన చీకటి నేటితో తొలగింది. ఆ మహనీయుడు లేని సభ సభే కాదు!"

వద్దని చెప్పడానికే శివనాగరాజు గారు వేదిక ఎక్కారు. ఎక్కాక మెడ దానంతటదే వంగింది. జరీ శాలువా ఎడమ భుజం మీద పడింది. కాస్త చురుక్కుమంది, అంతే. ఆయన కార్యదర్శి చెవిలో మెల్లగా అడిగారు.

"నిదానంగా నయం చెయ్యమన్నావటగా?"

భావనారాయణ గారు శాలువా అంచు సర్దుతూ, ఫొటోగ్రాఫరు వైపు నవ్వు తిప్పి బదులిచ్చారు.

"అది ఆరోగ్య విషయం. ఇది మర్యాద."

మెట్ల దగ్గర ఇంకా పదకొండు మంది శాలువాలు పట్టుకుని నిలబడ్డారు. ఆ నలుగురు పెద్దలూ వరుసలో అందరికంటే ముందున్నారు. శివనాగరాజు గారు రెండే రెండు ముక్కలు మాట్లాడతానని మైకు సవరించుకోగానే, ఎవరూ అడక్కపోయినా ఊరు ఊరంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.