అయిదో బండి ఎత్తు ఎక్కదు

డిపోలో అతన్ని అందరూ గడియారం అంటారు. బస్సులకు డ్యూటీ చార్టు వేయడం అతని పని. ఏ బండి ఎన్నింటికి కదలాలి, ఎన్ని ట్రిప్పులు తిరగాలి, డ్రైవరు ఎప్పుడు టీ తాగాలి అని పద్దెనిమిదేళ్ళుగా గళ్ళ కాగితాలమీద రాసి రాసి, గళ్ళు లేని కాగితం చూస్తే అతనికి ఆలోచనే సాగదు. అందుకే ఇంటిల్లిపాదితో విహారయాత్రకు పథకం వేయాల్సి వచ్చినప్పుడు కూడా డిపో కాగితమే ముందేసుకున్నాడు.

యాత్ర విమానంలో నాలుగు గంటల దూరాన ఉన్న ఒక మహానగరానికి. పెద్దపిల్ల గోడకు ఆసియా పటం అంటించి, ఆ నగరంమీద ఎర్రచుక్క పెట్టి రెండేళ్ళయింది. ఈలోగా రెండుసార్లు తండ్రికి సెలవు రద్దయింది. మొదటిసారి పిల్ల ఏడ్చింది. రెండోసారి ఏడవలేదు, "పోనీలే నాన్నా" అంది. ఏడ్చినా బాగుండేదని అతనికి ఇప్పటికీ బాధే. ఈసారి మేనేజరు, "సెలవు రోజుల చార్టులన్నీ ముందే వేసి పెట్టండి, శుక్రవారం పదకొండింటికి మీ సెలవు కాగితంమీద సంతకం పెడతాను" అని మాటిచ్చాడు.

డిపోలో బండ్లు అయిదే. ఇంట్లో మనుషులూ అయిదుగురే. సంతకానికి ముందురోజు రాత్రి భోజనాల దగ్గర అతను అందరికీ నంబర్లు పంచాడు. "నేను ఒకటి, మీ అమ్మ రెండు, నువ్వు మూడు, తమ్ముడు నాలుగు, అత్తయ్యగారు అయిదు."

"మోకాళ్ళ నొప్పుల మనిషిని, నాకు నంబరెందుకు బాబూ. మీరు వెళ్ళిరండి, నేను ఇల్లు చూసుకుంటాను" అంది అత్తగారు.

మర్నాడు పొద్దున్న బల్లమీద రెండు చార్టులున్నాయి. ఇంటి చార్టు ఫ్రిజ్ తలుపుకు, డిపో చార్టు డిపోకు. ఇంతే పని. కానీ చిన్నాడు బడికి బూట్లు వేసుకోనని మంచం కిందికి దూరాడు. గడియారం ఒక చేత్తో వాడి కాలు పట్టుకుని లాగుతూ, రెండో చేత్తో ఒక కాగితం ఫ్రిజ్‌కు అంటించి, ఇంకోటి సంచిలో కుక్కుకున్నాడు. ఏది ఎక్కడికి వెళ్ళిందో చూసుకోలేదు.

డిపోకు వెళ్ళగానే సంచిలోని కాగితాన్ని మడత విప్పకుండానే గుమాస్తా చేతిలో పెట్టి, గది తలుపు మూసుకుని సెలవు రోజుల చార్టుల్లో తలదూర్చాడు. గుమాస్తా దాన్ని బోర్డుకు అంటించాడు. డ్రైవర్లు గుమిగూడారు. ట్రిప్పుల గడులన్నీ ఖాళీ. సూచనల గడులు మాత్రం నిండుగా ఉన్నాయి.

రెండో బండి: ఎదురు చెప్పరాదు. మూడో బండి: కిటికీలు తెరిచి ఉంచాలి, లేకుంటే వాంతులు. నాలుగో బండి: గంటకోసారి ఆపి, అవసరం ఉన్నా లేకున్నా బాత్రూముకి పంపాలి. అయిదో బండి: ఎత్తు ఎక్కించరాదు, మూలుగుతుంది, నీడపట్టున ఉంచాలి.

"ట్రిప్పులు మామూలే కాబోలు. అడిగొద్దామా?" అన్నాడు మూడో బండి డ్రైవరు.

"వద్దు బాబోయ్. కిందటిసారి ఒక్క మాట అడిగితే అరగంట చెప్పాడు" అన్నాడు నాలుగో బండి డ్రైవరు.

అయిదో బండి డ్రైవరు మాత్రం కళ్ళు తుడుచుకున్నాడు. "నెలరోజులుగా మొత్తుకుంటున్నాను, ఎత్తు ఎక్కితే మూలుగుతోందని. ఇన్నాళ్ళకు ఒక్కడు విన్నాడు" అని, బండిని తీసుకెళ్ళి షెడ్డు నీడలో పెట్టేశాడు.

పదిన్నరకు మేనేజరు ఆ కాగితం పట్టుకుని గడియారం గదిలోకి వచ్చాడు. "ఏమిటండీ ఇది? నాలుగో బండివాడు గంటకోసారి ఆపి జనాన్నందర్నీ బాత్రూముకి వెళ్ళిరమ్మంటున్నాడట. రెండో బండివాడు పోలీసుతో గొడవపడి, నాకు ఎదురు చెప్పకూడదని రాసి ఉందన్నాడట. కొండదారికి బస్సే వెళ్ళలేదు. ఫోన్లు ఎత్తలేక చస్తున్నాను."

గడియారం కాగితం చూశాడు. పై ప్రాణాలు పైనే పోయాయి. నోరు తెరవబోయేలోగా షెడ్డులోంచి మెకానిక్కు పరుగున వచ్చాడు.

"సార్, అయిదో బండి బ్రేకు గొట్టం సగం చీలి ఉంది. ఇవాళ కొండెక్కితే దిగేటప్పుడు ఆగేది కాదు. ఎవరు ఆపారో గాని, నలభైమందిని బతికించారు."

మేనేజరు గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "గదిలో కూర్చునే కనిపెట్టారా? మీలాంటి మనిషిని పదిరోజులు వదిలి ఉండటం నావల్ల కాదు. సెలవు వచ్చే ఏడాది చూద్దాం" అంటూ బల్లమీదున్న సెలవు కాగితాన్ని తీసి జేబులో పెట్టుకున్నాడు.

పద్దెనిమిదేళ్ళలో మేనేజరు అతన్ని మెచ్చుకోవడం అదే మొదలు. నోరు మూసుకుంటే ఆ పేరు అలాగే నిలిచిపోతుంది. కానీ ఇంటికెళ్ళి మూడోసారి "పోనీలే నాన్నా" వినే ఓపిక అతనికి లేదు.

"సార్, అయిదో బండి మా అత్తగారు" అన్నాడు.

మేనేజరు కాగితాన్ని మళ్ళీ మొదట్నుంచి చదివాడు. "నాలుగు?"

"మా చిన్నాడు."

"మరి, ఎదురు చెప్పకూడని రెండు?"

"మా ఆవిడ సార్."

మేనేజరుకూ పెళ్ళయింది. ఆ గడి దగ్గర చాలాసేపు ఆగాడు. తరువాత జేబులోంచి సెలవు కాగితం తీసి సంతకం పెట్టాడు. "అత్తగారికీ బస్సుకూ తేడా తెలియడం లేదంటే మీకు విశ్రాంతి చాలా అవసరం. పది కాదు, పన్నెండు రోజులు తీసుకోండి."

గడియారం గుండెలనిండా ఊపిరి పీల్చుకుని ఇంటికి వచ్చేసరికి సాయంత్రమైంది. మేడమెట్ల మీద అత్తగారు చెమటలు కక్కుతూ దిగుతోంది. పిల్లలిద్దరూ కింద నిలబడి లెక్కపెడుతున్నారు.

"ఆరో ట్రిప్పు కూడా అయింది అల్లుడుగారూ" అంది ఆవిడ. "అయిదో నంబరుకి కొండదారి, ఆరు ట్రిప్పులు అని రాశారుగా. ఇంట్లో అందరూ నన్ను కూర్చోబెట్టేవాళ్ళే. మీరొక్కరే నామీద నమ్మకం పెట్టారు. సరే చూద్దామని మేడమెట్లే కొండనుకుని మొదలుపెట్టాను. ఎక్కగా ఎక్కగా మోకాళ్ళే దారికొచ్చాయి. నేనూ వస్తాను."

అతనికి కళ్ళు చెమర్చాయి. భార్యవైపు తిరిగి, "నీకైనా అనుమానం రాలేదా?" అన్నాడు.

"రెండో నంబరుకి పొద్దున్న అయిదు నుంచి రాత్రి పదిదాకా డ్యూటీ అని ఉంది. మామూలే కదా అనుకున్నాను" అంది ఆవిడ.

పెద్దపిల్ల సెలవు కాగితాన్ని రెండుసార్లు చదివింది. మేనేజరు సంతకాన్ని వేలితో తడిమి చూసి, ఎర్ర పెన్ను తెచ్చి పటంమీద వెలిసిపోయిన చుక్కను మళ్ళీ దిద్దింది.

గడియారం ఫ్రిజ్ మీది చార్టును తీయలేదు. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో అతను తప్పు లేకుండా వేసిన చార్టులు ఆ రెండే. అవీ చోటు మారాయి కాబట్టి.