పటమట టేకు చేప

ఏ చేప ఎక్కడ బతకాలో నిర్ణయించుకునే హక్కు చేపకు లేదు. 1974లో ఆ హక్కు పటమటలోని జలచరాల పరిధి నమోదు కార్యాలయానికి ఉండేది. అక్కడి గోడపటం ప్రకారం అరుదైన మచ్చల టేకు చేప సముద్రంలోనే ఉంటుంది, కృష్ణలో ఉండదు. (ఈ సంగతి చేపకు ఎవరూ తెలియజేయలేదు.)

ఆ కార్యాలయ సర్వేయరు జక్కయ్య ఒక లంక గ్రామానికి వెళ్లినప్పుడు శౌరయ్య వలలో అదే చేప కనిపించింది. చాటంత ఒళ్లు, కొరడాలాంటి తోక, తోకలో ముల్లు. అలాంటి ముల్లే నెల క్రితం శౌరయ్య పాదంలో దిగింది. పుండు ఇంకా మానలేదు.

"మా తాత నాటినించీ ఏట్లో ఉందండీ ఇది. మీ పటానికి తెలీదేమో గానీ నా కాలికి తెలుసు," అన్నాడు శౌరయ్య.

"మీరు రాస్తే మా ఊరికి మందొస్తదా బాబూ?" అంది అతని భార్య అమలమ్మ. టేకు ముల్లు మందు, పటంలో చేప పరిధి గీత లోపలున్న ఊళ్లకే పంపుతారు మరి.

"రాస్తానమ్మా," అన్నాడు జక్కయ్య. పదకొండేళ్ల ఉద్యోగంలో తన రాతవల్ల ఒకరికి మేలు జరగబోవడం అదే మొదలు. తిరుగు బస్సులో అతనికి నిలబడ్డా కాళ్లు నొప్పి పుట్టలేదు.

సూపరింటెండెంటు ఛాయాదేవి గారు నివేదిక రెండుసార్లు చదివారు. "బాగుందండీ. చేప నివాస ధ్రువపత్రం ఏదీ?"

ఆ ఊరి కరణం గారు రాసిచ్చారు: "పై చేప నాకు స్వయంగా తెలుసు. నడవడిక మంచిది." చేప సంతకం లేదని కాగితం తిరిగొచ్చింది. తోకముద్ర వేయించి పంపితే, ముద్ర ఆ చేపదేనని నమ్మకమేమిటన్నారు. చేప స్వయంగా హాజరు కావాలన్నారు.

జక్కయ్య చేపను ఐసులో పెట్టి, ఉయ్యూరు మీదుగా బస్సులో తెచ్చాడు. (కండక్టరు అర టికెట్టు కొట్టాడు.) వచ్చేసరికి భోజన విరామం; అది సాయంత్రం దాకా సాగింది. ఆ మర్నాడు రెండో శనివారం, ఆపైన ఆదివారం. సోమవారం ఉదయం అధికారులెవరూ చేప దగ్గరికి వెళ్లాల్సిన అవసరం లేకుండానే దాని ఉనికి రుజువైంది.

ఉత్తర్వు వెలువడింది: "సదరు చేప ఈ కార్యాలయ వరండాలో ప్రత్యక్షమైనందున, దాని పరిధిలో పటమటను చేర్చడమైనది." ఏట్లో దాన్ని అధికారులెవరూ చూడలేదు గనుక ఏటిని చేర్చలేదు. మందు పెట్టెలు కార్యాలయంలోని మందుల గదికే వచ్చాయి.

ఆ వారమే అమలమ్మ భర్తను రిక్షాలో తీసుకొచ్చింది. కాంపౌండరు రిజిస్టరు తెరిచాడు. "ముల్లు దిగింది పటమటలోనేనా?"

"అవునను శౌరయ్యా, నీకు దణ్ణం పెడతాను," అని చెవిలో బతిమాలాడు జక్కయ్య.

"అబద్ధమెందుకండీ? ఏట్లోనే," అన్నాడు శౌరయ్య.

నెల తిరక్కుండా అతని పాదం తీసేశారు.

ఏడాది చివర పైకి వెళ్లాల్సిన నివేదికను, దస్తూరీ బాగుంటుందని, జక్కయ్య చేతే రాయించారు: "పటమటలో టేకు ముల్లు గుచ్చుకుని బాధపడుతున్నవారు ఒక్కరూ లేరు. మందు అమోఘంగా పనిచేస్తున్నది."