రెండున్నర గంటల పులుసు

ఏ రెండు ఊళ్ల మధ్య ఎంత దూరమో తేల్చే హక్కు ఇకమీదట రోడ్డుకు గానీ, రైలుకు గానీ, ఒళ్లు హూనం చేసుకున్న ప్రయాణికుడికి గానీ లేదనీ, అది ఒక్క ఫోన్ ఆప్‌కే చెందుతుందనీ కేంద్ర సామీప్య నిర్ధారణ మండలి ప్రకటించింది. (మండలి సభ్యులు మాత్రం ఆఫీసు పక్కనే క్వార్టర్లు కట్టించుకున్నారు.)

ఈ సంగతి లోకనాథ్‌కు బదిలీ దరఖాస్తు తిరిగొచ్చిన రోజున తెలిసింది. ధవళేశ్వరంలో వలేసే ఇంట పుట్టి, ఎక్కడో అస్సాంలో, మండలి వారి డిబ్రూగఢ్ శాఖలో గుమాస్తాగా పడ్డాడు మనవాడు. ఇంటి దగ్గర భార్య ఉషారాణికి నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పు. పక్కన ఉండాలని అతని ప్రాణం కొట్టుకుంటోంది. ఆప్ ఏమో రాజమండ్రి విమానాశ్రయం నుంచి డిబ్రూగఢ్ విమానాశ్రయానికి రెండున్నర గంటలంది. మూడు గంటల లోపైతే నిబంధనల ప్రకారం ఇరుగుపొరుగు. ఇరుగింటికి బదిలీ ఏంటి? (ఆ రెండింటి మధ్య అసలు విమానం తిరుగుతుందా అన్నది ఆప్ పరిధిలోకి రాదు.)

శాఖాధికారి చంద్రరావు పెద్దాపురం మనిషే. "నాకు తెలీదేంటయ్యా! కానీ సాక్ష్యం కావాలి కదా" అన్నాడు.

నాలుగు రోజుల సెలవు మీద ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే తల్లి తలుపులమ్మకు ఒళ్లు మండింది. గోదారి ఎర్రనీళ్లలో వలకు పడిన పులస చేపను బేరానికొచ్చినవాళ్లకు ఇవ్వకుండా దాకలో పులుసు పెట్టేసింది.

"ఇది వండిన్నాడు కాదురా, మర్నాడు తినాలి. మూడోనాటికి పాడైపోద్ది. ఎన్నాళ్లయిందో ఆ పెద్దాపురపాయన నాలిక్కి తెలీదా? ఇంతకన్నా సాక్ష్యమేంటి?"

పులుసు హైదరాబాదులో విమానం మారింది. కోల్‌కతాలో రద్దయిన విమానం కోసం రాత్రంతా పడిగాపులు కాసింది. మూడో రోజు మధ్యాహ్నానికి చంద్రరావు టేబుల్ ఎక్కింది.

ఆయన ఆశగా ముక్క తుంచి నోట్లో వేసుకుని, మొహం వికారంగా పెట్టాడు.

"అయ్యయ్యో! మూడోనాటి పులుసు కదయ్యా ఇది!"

"అదేనండి నేను మొత్తుకునేది! మీ నోటితోనే అన్నారండి!" లోకనాథ్ సంతోషంతో బదిలీ దరఖాస్తు మళ్లీ ముందుకు తోశాడు.

చంద్రరావు కూడా కాసేపు మనిషయ్యాడు. "నేను ఇంటికెళ్లి నాలుగేళ్లయిందయ్యా" అన్నాడు. ఆపైన ఆప్ తెరిచి చూసి, మళ్లీ అధికారి అయిపోయాడు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. రెండున్నర గంటల్లో పులుసు పాడవడం అసంభవం కనుక, ముందే పాడైన పదార్థాన్ని అధికారి చేత తినిపించినందుకు శ్రీమతి తలుపులమ్మ సంజాయిషీ ఇచ్చుకోవాలి. అయితే మండలికి దయ లేకపోలేదు. కాన్పు నిమిత్తం లోకనాథ్‌కు ఒక పూట సెలవు మంజూరైంది. మధ్యాహ్నం భోజనం కాగానే బయలుదేరి, బిడ్డను చూసుకుని, మర్నాడు పొద్దున పదింటికి వచ్చి సంతకం పెట్టాలి.

అది చేతికందేసరికి కూతురు పుట్టి మూడో రోజు. లోకనాథ్ ఎందుకైనా మంచిదని ఆప్ తెరిచి చూసుకున్నాడు. ఇప్పటికీ రెండున్నర గంటలే చూపిస్తోంది.