మూడంతస్తుల కేకు

పెద్దకోడలు కిటికీ ఏసీ పెట్టించింది చల్లదనానికి కాదనీ, గోడకవతల చిన్నకోడలి ఇంట్లో కరెంటు పోగొట్టడానికేననీ ఎదురింటి టైలరమ్మ అన్నదట. ఆ మాటను పాలామె పొద్దున్నే పాలతో పాటు చిన్నకోడలి గిన్నెలో పోసిపోయింది.

అన్నదమ్ములు ఇంటి మధ్య గోడ లేపి రెండేళ్లయింది. తోడికోడళ్లకు మాటలు లేనిదీ అప్పటినుంచే. వసారాలో మెయిన్ బోర్డు మాత్రం ఇద్దరికీ ఒక్కటే.

నిజానికి ఏసీ వచ్చింది కేకు కోసం. పెద్దకోడలు ఇంట్లోనే కేకులు చేస్తుంది. బేకరీ ఆయన మొదటిసారి మూడంతస్తుల క్రీము కేకు పురమాయించి, "ఇది బాగా కుదిరిందంటే ఇక వారం వారం పని మీకేనమ్మా" అన్నాడు. పన్నెండింటికి వచ్చి తీసుకెళ్తాడు. ఆ ఎండకు క్రీము ఆగదు, అంత కేకు ఫ్రిజ్‌లో పట్టదు. అందుకని పాత ఏసీ ఒకటి పడగ్గది కిటికీలో బిగించి, కేకును చంటిపిల్లలా బల్ల మీద కూర్చోబెట్టింది.

తొమ్మిదింటికి ఏసీ వేస్తే పావుగంటలో టప్పుమని ఆగిపోయింది. వసారాలో స్విచ్ పడిపోయి ఉంది.

"ఓవెన్ ఆపలేదు, నా బుద్ధి తగలెయ్య!" అని ఓవెన్ ఆపి స్విచ్ ఎత్తింది. మళ్లీ పడింది. ఫ్రిజ్ ఆపింది. మళ్లీ పడింది. ఫ్యాను, టీవీ అయ్యాక భర్త ఫోను ఛార్జరు పీకింది.

"అదేం చేసిందే పాపం?"

"ఊరుకోండి! చూడ్డానికి చిన్నదే. ఎంత తాగుతుందో ఎవరు చూశారు?"

గోడకవతల చిన్నకోడలు తలకు సబ్బు పెట్టుకుని ఉంది. గీజరు వేసిన ప్రతిసారీ బాత్‌రూములో కరెంటు పోతోంది. "టైలరమ్మ ఊరికే అనలేదు!" అని, తువ్వాలు చుట్టుకుని వచ్చి తానూ స్విచ్ ఎత్తింది. స్నానమైనా గీజరు ఆపలేదు. పంతం కొద్దీ వేడినీళ్లు పట్టి ఉతికిన బట్టలే మళ్లీ ఉతకసాగింది.

పదకొండున్నరకు కేకు పై అంతస్తు పక్కకు ఒరిగింది. పెద్దకోడలు దాన్ని రెండు చేతులా పట్టుకుని, భర్తను ఎలక్ట్రీషియన్ కోసం తరిమింది.

ఎలక్ట్రీషియన్ వచ్చి రెండిళ్లూ తిరిగి చూసి, కేకును భర్త చేతులకు అప్పగించి వచ్చిన పెద్దకోడలినీ, చిన్నకోడలినీ వసారాలో నిలబెట్టి తేల్చేశాడు. "గోడ కట్టారు గానీ వైరు విడదీయలేదు. ఈ పడగ్గదీ ఆ బాత్‌రూమూ ఒకటే లైను. ఏసీ ఒక్కటైతే మోస్తుంది, గీజరొక్కటైతే మోస్తుంది, రెండూ ఎక్కితే పడేస్తుంది. ఏసీకి బోర్డు నుంచి వేరే లైను లాగాలి. అందాకా ఒకళ్లు వేసేముందు ఇంకొకళ్లకి చెప్పుకోండి."

"చెప్పుకోవడమా?" అన్నారు తోడికోడళ్లిద్దరూ. రెండేళ్లలో వాళ్లు ఏకమైన మాట అదొక్కటే.

అంతలో బేకరీ ఆయన వచ్చాడు. లోపలికెళ్లి కేకును చూసి నెత్తిన చెయ్యి పెట్టుకుని బయటికొచ్చాడు. "వారం వారం పని మాట మర్చిపొండమ్మా. ఇప్పుడు వాళ్లకేం చెప్పను? ఇవ్వాల్సింది దూరం కూడా కాదు, ఈ పక్క గుమ్మమే. పెళ్లిరోజట."

చిన్నకోడలి చేతిలోంచి తడి చీర జారిపోయింది. "పెళ్లిరోజు మాదే! నా కేకు పాడుచేసిందెవరు?"

ఎలక్ట్రీషియన్ బోర్డు మూత బిగిస్తూ తలెత్తకుండానే అన్నాడు: "మీ గీజర్ని అడగండమ్మా."