లస్కర్ జంగయ్య చూపించిన సముద్రం

తెల్లవారుజామున విశాఖపట్నం స్టేషన్‌లో రైలు దిగుతూనే జంగయ్య ఆ రోజును ముక్కలు చేసి పంచేశాడు. ముందు బీచ్‌లో కాసేపు, తర్వాత జలాంతర్గామి, ఆపైన కైలాసగిరి మీద రోప్‌వే, మధ్యాహ్నం సింహాచలం, రాత్రి బండికి మళ్లీ స్టేషన్. చౌటుప్పల్ మందుల కంపెనీలో పనిచేసే కూతురు స్వరూప ఫోన్‌లో వల్లె వేయించిన పాఠం అది. వెళ్లిన ప్రతిచోటా ఫొటో దిగి పంపాలని కూడా ఆమె ఆజ్ఞ.

"ఒక్క దినంల గిన్ని జూడాల్నా?" అంది అమృతమ్మ. "నాకు సముద్రం ఒక్కటి సాలయ్యా. నీళ్లల్ల కాళ్లు వెట్టి జర సేపు కూసుందాం."

"కూసునుడే అయితే ఇంటికాడ అరుగు లేదా? నడువు నడువు."

జంగయ్య తొందరకు కారణం ఉంది. హాలియా దగ్గర సాగర్ కాలువ మీద గేట్లు ఎత్తి దించే లస్కర్ ఉద్యోగం చేసి ఈమధ్యే రిటైరయ్యాడు. పెళ్లయిన కొత్తలో, కాలువకు నీళ్లు వదిలిన రోజు భార్యను కట్ట మీదికి తీసుకెళ్లాడు. ఇద్దరూ నీళ్లలో కాళ్లు వేలాడేసి కాల్చిన మక్క కంకులు తిన్నారు. "సముద్రం గిట్లనే ఉంటదా?" అని అడిగింది కొత్త పెళ్లికూతురు. "ఇంకా పెద్దగుంటది. వచ్చే ఏడు తోల్కపోత తియ్" అన్నాడు కొత్త పెళ్లికొడుకు. ఆ వచ్చే ఏడు ఎన్నేళ్లయినా రాలేదు. వానకాలం నాట్లప్పుడు సెలవు దొరకదు. యాసంగి పంటకు నీళ్ల వంతుల కోసం రైతులు తన్నుకుంటుంటే అసలే దొరకదు. చివరికి అమృతమ్మ అడగడం మానేసింది. అడిగినప్పటికంటే మానేసిన తర్వాతే జంగయ్యకు ఎక్కువ బాధ కలిగింది. అందుకే ఇప్పుడు సముద్రంతో పాటు ఊరంతా చూపించి మాట నిలబెట్టుకోవాలని పంతం పట్టాడు.

బీచ్‌లో దిగగానే అమృతమ్మ నోటి మీద చెయ్యి వేసుకుని నిలబడిపోయింది. జంగయ్య మాత్రం నోరు తెరవలేదు. నీళ్ల దగ్గర పుట్టి నీళ్ల దగ్గర రిటైరైనవాడు, నీళ్లను చూసి ఆశ్చర్యపోతే పరువేం కావాలి? వంగి ఇసుకను పరీక్షగా చూశాడు.

"తడి మరక జూసినవా? పొద్దుగాల గీడిదాక నీళ్లిడిసిండ్రు. ఇప్పుడు కట్టేసిండ్రు. మల్ల మాపటి వంతుదాక రావు."

"సముద్రాన్ని ఎవరు కట్టేస్తరయ్యా?"

"ఏ నీళ్లకైనా వంతుంటదే. నా కంటె నీకెక్కువ ఎరుకనా?"

తడిసి గట్టిపడిన ఇసుక మీద సంచీ పెట్టించాడు. ఫోను అందులోనే ఉంది. పక్కనే అమృతమ్మ ఆకుపచ్చ చెప్పులు కూడా పద్ధతిగా విడిపించాడు. ఆమె "మక్క కంకులు పట్టుకొస్త, ఈడనే ఉండు" అని చెప్పి వట్టికాళ్లతో వెళ్లింది. ఆ సమయంలో జంగయ్య ఎత్తు, వాలు, ప్రవాహం అంటూ ఏదో వివరిస్తున్నాడు. భార్య మాట చెవిన పడలేదు. వాళ్ల సంసారంలో అది కొత్తేమీ కాదు.

వంతు తప్పి ఒక పెద్ద అల వచ్చింది. వెనక్కి పోతూ సంచీని, చెప్పుల్ని వెంటబెట్టుకుపోయింది. "అరే! ఎవడ్రా గేటెత్తింది!" అంటూ జంగయ్య లుంగీ ఎగగట్టి నీళ్లలోకి ఉరికాడు. మూడో అలకు మునిగాడు. ఒడ్డున కాపలా ఉండే కుర్రాళ్లు పరుగెత్తి వచ్చి అతన్ని బయటికి లాగారు.

"మీకేమైనా మతిపోయిందా పెద్దాయనా? మీతో ఎవరొచ్చారు?" అని అడిగాడు ఒకడు.

"మా ఆమె..." అంటూ జంగయ్య వెనక్కి తిరిగాడు. ఎవరూ లేరు. ముందుకు చూశాడు. అల మీద ఆకుపచ్చ చెప్పు ఒక్కటి తేలుతోంది.

జంగయ్య కుప్పకూలిపోయాడు.

"గేట్లు దించుండ్రి! నీళ్లు బంద్ వెట్టుండ్రి! ఇంజినీర్ సారుకు ఫోన్ కొట్టుండ్రి!"

"ఏ గేట్లండీ?" అని కుర్రాళ్లు ముఖాలు చూసుకున్నారు. అయినా ఈల వేసి పడవ దింపారు. ఈల విని జనం చేరారు. జనాన్ని చూసి ఇంకా జనం చేరారు.

కంకులు పట్టుకుని వచ్చిన అమృతమ్మకు గుంపు అడ్డం పడింది. "ఏమైందమ్మా?" అని గవ్వలు అమ్మే ఆవిడను అడిగింది.

"ఎవరో పెద్దావిడ కొట్టుకుపోయిందంటమ్మా. మొగుడు ఏడుస్తున్నాడు."

"అయ్యో, ఏ ఊరోళ్లో పాపం!" అమృతమ్మ కళ్లు ఒత్తుకుంది. "ఎంబడి తెచ్చుకున్న ఆడిమనిషిని జూసుకోవద్దా? గసుంటోన్ని నమ్ముకొని ఎట్లొచ్చిందో!"

అప్పుడు గుంపు లోపలినుంచి ఏడుపు వినిపించింది. గొంతు తెలిసినట్టే ఉంది, ఏడుపే ఎన్నడూ విన్నది కాదు. జనాన్ని తోసుకుని వెళ్లింది. జంగయ్య ఆమెకు వీపు పెట్టి, సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు.

"గేటు తిప్పినప్పుడల్లా నువ్వే యాదికొచ్చేటిదానివి అమృతా! నీళ్లల్ల కాళ్లు వెట్టి నవ్వినవు సూడు, ఆ నవ్వు కోసం ఎన్నిసార్లు ఒక్కన్నే ఆ కట్ట మీద కూసున్ననో! అందరి పొలాలకు నీళ్లిచ్చిన, నువ్వడిగిన నీళ్లు సూపియ్యలేకపోయిన. నోరు తెరిసి ఒక్కనాడన్న నీకు జెప్పలే..."

అమృతమ్మ అక్కడే నిలబడిపోయింది. వెంటనే పిలవొచ్చు. పిలవలేదు. ఇన్నేళ్లలో అన్నం బాగుందన్న మాట కూడా అనని మనిషి ఇంత మాట్లాడుతుంటే మధ్యలో ఆపబుద్ధి కాలేదు. కళ్లల్లో నీళ్లు నిండాయి. చేతిలో ఉన్న కంకిని తనకు తెలియకుండానే కొరుకుతూ చివరిదాకా వింది.

"ఇంకేమన్న ఉన్నదా జెప్పేది? కంకి సల్లారిపోతాంది" అంది చివరికి.

జంగయ్య తిరిగి చూశాడు. ముఖం వెలిగింది. మరుక్షణమే మండింది.

"యాడ సచ్చినవే గింతసేపు!"

జనం గొల్లున నవ్వారు. పడవ వెనక్కి వచ్చింది. కుర్రాళ్లు ఇద్దరినీ కలిపి చీవాట్లు పెట్టారు. కొంతసేపటికి సముద్రమే విసుగొచ్చినట్టు సంచీని దూరంగా ఒడ్డున పారేసింది. ఫోను మాత్రం మళ్లీ నోరెత్తలేదు.

తడిబట్టలు ఆరేదాకా ఎక్కడికీ కదిలే వీలు లేకపోయింది. ఆరిన తర్వాత కదలబుద్ధి కాలేదు. రైలు వేళ దాకా ఇద్దరూ నీళ్లలో కాళ్లు పెట్టుకుని ఒక్కచోటే కూర్చున్నారు. మిగిలిన కంకిని విరిచి సగం సగం తిన్నారు. అల వచ్చినప్పుడల్లా "వంతొచ్చింది" అని అమృతమ్మ ఎగతాళి చేసింది. అచ్చం ఆనాటి నవ్వే.

మర్నాడు స్వరూప నల్లగొండ స్టేషన్‌కు వచ్చి ఎగిరిపడింది. "ఒక్క ఫొటో లేదు, ఫోన్ లేదు, పానం పోయిందనుకో నాకు! ఇంతకు ఏం జూసిండ్రే అమ్మా?"

"మీ నాయిన ఏడ్సుడు జూసిన బిడ్డా. మస్తుండె" అంది అమృతమ్మ.

జంగయ్య గొంతు సవరించుకున్నాడు.

"సముద్రం మంచిగనే ఉంది గని, గేటు కాడ మనిషే లేడు."