ఫిన్లాండాయన బదిలీ

చీరాలలో ఎవరైనా ఒక దయ్యం సినిమా చూసి, బాగుందని ఇంకొకరికి చెబితే, ఆ సినిమాలోని దయ్యం చెప్పినవారి ఇల్లు ఖాళీ చేసి విన్నవారి ఇంటికి బదిలీ అవుతుంది. ఇందుకు మూడు పనిదినాలు పడుతుంది. సినిమాకు ఒక దయ్యం, దయ్యానికి ఒక ఇల్లు. మధ్యలో పండగ సెలవులు వస్తే అయిదు రోజులు కూడా పట్టవచ్చు. నచ్చకపోయినా మొహమాటానికి బాగుందని చెబితే మాత్రం, దయ్యం వీధి మలుపు దాకా వెళ్లి, కాసేపు నిలబడి, తిరిగి వచ్చేస్తుంది. అలా తిరిగొచ్చిన దయ్యం వారం రోజులు ఎవరితోనూ మాట్లాడదు.

ఈ విషయంలో ఊళ్లో బిట్రా ఆదిశేషయ్యను మించిన అనుభవజ్ఞుడు లేడు. గడియార స్తంభం దగ్గర ముప్ఫై ఏళ్లు వీడియో లైబ్రరీ నడిపాడు. దేశదేశాల దయ్యం సినిమాలు తెప్పించేవాడు. కొట్లోకి వచ్చినవాడికి జాబితా చూపించేవాడు కాదు. ఒకే ప్రశ్న అడిగేవాడు: "పడుకోబోయే ముందు రెండోసారి ఏం చూసుకుంటావు?"

గ్యాసు కట్టేశానా లేదా అని చూసుకుంటానన్నవాడికి మెక్సికో సినిమా ఇచ్చేవాడు. అందులో పొయ్యి మీద పాలు ఎంతకీ పొంగవు. తలుపు గొళ్లెం అన్నవాడికి ఇండోనేషియా. అక్కడ దయ్యం గొళ్లెం పెట్టకముందే లోపలికి వచ్చేసి ఉంటుంది. పిల్లలను చూసుకుంటానన్న తల్లికి ఇచ్చే సినిమాలో పిల్లలు లెక్కకు ఒకరు ఎక్కువ ఉంటారు. ఏమీ చూసుకోను, పడుకోగానే నిద్ర పడుతుందన్నవాడిని కాసేపు జాలిగా చూసి, ఇరాన్ సినిమా చేతిలో పెట్టేవాడు. అందులో చివరి అయిదు నిమిషాల దాకా ఏమీ జరగదు. భయపడకుండా క్యాసెట్టు తిరిగిచ్చినవాడు ఈ ముప్ఫై ఏళ్లలో ఒక్కడూ లేడు. అన్ని దేశాల దయ్యాలూ శేషయ్య నోటి మాట మీద ఊళ్లోకి సర్దుకుపోయాయి.

ఒక్క సినిమా గురించి మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు. అది ఫిన్లాండ్ సినిమా. మంచు తుఫానులో చనిపోయిన ఒక పోస్టుమాన్ రోజూ సాయంత్రం ఆరున్నరకు ఒక ఇంటి తలుపు కొడతాడు. "ఇంట్లో ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతాడు. "ఉన్నాం" అంటారు లోపలివాళ్లు. ఆయన నమ్మడు. ఉత్తరం మీద "తలుపు తాళం" అని రాసుకుని వెళ్లిపోతాడు. మర్నాటి నుంచి ఆ ఇంటివాళ్లు ఊళ్లో ఎవరికీ కనపడరు. వండుకుంటారు, తింటారు, పోట్లాడుకుంటారు, కానీ కనపడరు. సినిమా అయ్యేసరికి ఊరంతా తలుపు తాళమే. ప్రతి ఇంటి పొగగొట్టంలోంచీ పొగ మాత్రం వస్తూ ఉంటుంది. శేషయ్య దాన్ని పదకొండుసార్లు చూశాడు. బాగుందని చెబితే ఆ పోస్టుమాన్ తన ఇల్లు వదిలి వెళ్లిపోతాడని నోరు మూసుకున్నాడు. మంచి సినిమా చూసి చెప్పకుండా ఉండడం ఎంత కష్టమో ఎనిమిదేళ్లుగా అనుభవిస్తున్నాడు.

ఎందుకంటే మొదటిరోజు పోస్టుమాన్ వచ్చి తలుపు కొట్టినప్పుడు వెళ్లింది శేషయ్య భార్య నాంచారమ్మ. ఆయన మాట్లాడితే మోకాలి ఎత్తున గాలిలో తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. నాంచారమ్మకు ఇంగ్లీషు రాదు. అయినా ఆ వేళప్పుడు తలుపు కొట్టినవాడు ఏమడుగుతాడో ఆమెకు తెలుసు.

"ఉన్నాం నాయనా, ఎక్కడికి పోతాం. చెప్పులిప్పి లోపలికి రా. ఎండలో బడి వచ్చినట్టున్నావు, అట్టా కారిపోతన్నావేంది?" అంది.

లోపలికి రమ్మన్న మనిషి ఆ సినిమా మొత్తంలో ఒక్కరూ లేరు. పోస్టుమాన్‌కు ఏం చేయాలో తెలియలేదు. వచ్చి కూర్చున్నాడు. అప్పటి నుంచి వేసవిలో ఆ ముందుగది చల్లగా ఉంటుంది. పెరుగు పులవదు. ఆయన ఒంటి మీద మంచు కరిగి నేల తడిస్తే నాంచారమ్మ తుడుస్తుంది. రోజూ ఆరున్నరకు ఆయన లేచి, వీధిలోకి వెళ్లి, తలుపు కొట్టి, అడిగి, జవాబు విని, మళ్లీ వచ్చి కూర్చుంటాడు.

ఊళ్లో దయ్యాల లెక్క చూసే భయ శాఖ నిబంధనల ప్రకారం ఇలా భయపడకుండా ఉండడం చాలా పెద్ద తప్పు. దయ్యమున్న ప్రతి ఇల్లూ సంవత్సరానికోసారి తన భయాన్ని పదికి ఎంతో రాసి పంపాలి. నాలుగుకు తగ్గకూడదు. శేషయ్య ఏటా ఏడు అని రాసి పంపేవాడు.

ఎనిమిదేళ్లు నిండగానే తప్పనిసరి బదిలీ నోటీసు వచ్చింది. కౌన్సెలింగ్‌లో ఏదైనా ఇల్లు కోరుకుంటేనే దయ్యం అక్కడికి వెళుతుంది; నోటీసు వచ్చాక బాగుందన్న మాట ఒక్కటే చాలదు. ఎవరూ కోరుకోకపోతే మిగులు కింద జమకట్టి రేషనలైజేషన్‌లో కలిపేస్తారు. కిందటేడు అలా మిగిలిన టర్కీ పెళ్లికూతురినీ, థాయిలాండ్ పిల్లినీ, రొమేనియా వడ్రంగినీ కలిపి ఒకే దయ్యాన్ని చేశారు. అది ఇప్పుడు డివిజన్ ఆఫీసు వరండాలో పెళ్లిబట్టలతో, పిల్లిలా ముడుచుకుని, విరిగిన కుర్చీలకు మేకులు కొడుతూ ఉంటుంది. ఆ మూడు సినిమాల క్యాసెట్లు ఎక్కడ వేసినా తెర మీద చుక్కలు తప్ప ఏమీ రావు.

నోటీసు చదివి వినిపించాక నాంచారమ్మ పోస్టుమాన్ కింది తడి తుడిచింది.

"మేకులు కొట్టడం ఆయన వల్ల కాదయ్యా. వేళ్లు గడ్డకట్టి ఉంటయ్. ఏదో ఒక ఇల్లు చూడు" అంది.

మంగళవారం ఉదయం పదింటికి కల్యాణ మండపంలో కౌన్సెలింగ్ మొదలైంది. ఒకపక్క దయ్యాలు సీనియారిటీ ప్రకారం కుర్చీల్లో కూర్చున్నాయి. ఒకరినొకరు చంపుకుని, రెండు భాగాల సినిమాలో చెరో భాగానికి దయ్యాలైన బ్రెజిల్ దంపతులు స్పౌజ్ కేటగిరీలో ఒకే ఇల్లు అడిగారు, ఇచ్చారు. శేషయ్య తన పోస్టుమాన్ పక్కన నిలబడి వచ్చేపోయేవారిని పట్టుకున్నాడు.

మొదట చిక్కింది చీరల కొట్టు అవ్వారు సుబ్బారాయుడు.

"మీ ఆయన కింద మడుగు కట్టిందేంది శేషయ్యా?"

"మంచు. కరుగుతుంటది. ఏం కాదు. సుబ్బారాయుడూ, ఈయన్ని తీసుకుపో. నా మాట నమ్ము."

"నాకు కొరియా ముసలామె కావాలయ్యా. సీలింగు మీంచి తల్లకిందులుగా చూస్తా ఉంటే పిల్లోళ్లు పుస్తకం ముందు నుంచి లేవరంట. మా బావమరిది ఇంట్లో ఇద్దరికీ ఇంజనీరింగ్ సీట్లొచ్చినయ్. ఇంతకీ ఈయనేం చేస్తాడు?"

"తలుపు కొట్టి, ఇంట్లో ఎవరన్నా ఉన్నారా అని అడుగుతాడు."

"అడిగి?"

"అంతే."

"కొరియరోడు కూడా అదే అడుగుతాడు గదయ్యా. వాడు ప్యాకెట్టన్నా ఇచ్చిపోతాడు" అని సుబ్బారాయుడు కొరియా వరసలోకి వెళ్లిపోయాడు.

తరవాత ఒక లెక్చరర్ల జంట వచ్చింది. భర్త ఆసక్తిగా విన్నాడు. భార్య వంగి, మోకాలి ఎత్తున తేలుతున్న అక్షరాలను చూసి నిటారుగా నిలబడింది. "సబ్‌టైటిల్సా? పగలంతా పేపర్లు దిద్ది, ఇంటికొచ్చి దయ్యాన్ని గూడా చదవాలా అంకుల్?" అని అర్జెంటీనా కోరుకుంది. అర్జెంటీనా దయ్యం కేకలు మాత్రమే వేస్తుంది.

మధ్యాహ్నం అన్నం క్యారేజీ పట్టుకుని నాంచారమ్మ వచ్చింది. శేషయ్య తినలేదు. ముప్ఫై ఏళ్లలో మొదటిసారి ఆయన మాటకు విలువ లేకుండా పోయింది. అసలు సంగతి ఏమిటంటే, వచ్చినవాళ్లెవరూ భయం కోసం రాలేదు. కాపలాకు, చదువుకు, అద్దెకున్నవాళ్లను ఖాళీ చేయించడానికి వచ్చారు.

నాలుగింటికి కుర్చీల్లో పోస్టుమాన్ ఒక్కడే మిగిలాడు. డివిజనల్ భయాధికారి కొల్లా ప్రమీలారాణి మిగులు రిజిస్టరు ముందుకు లాక్కుంది. యాభై దాటిన మనిషి, మితభాషి. ఈ ఉద్యోగంలో ఉన్నవారి ఇంట్లో దయ్యం ఉండనవసరం లేదని మినహాయింపు ఉంది. ఆమె ఇరవై రెండేళ్లుగా ఆ మినహాయింపులోనే ఉంది.

"పెద్దాయనా, మీ రిపోర్టులు చూశాను. ఎనిమిదిసార్లూ ఏడే వేశారు. భయం అట్లా ఉండదండీ, ఎక్కువ తక్కువలుంటాయి. నిజం చెప్పండి. ఒక్కరోజన్నా భయపడ్డారా?"

"లేదమ్మా" అన్నాడు శేషయ్య.

"ఎందుకు భయపడాలంట?" అంది నాంచారమ్మ క్యారేజీ బల్ల మీద పెట్టి. "పెళ్లయి నలభయ్యొక్క సంవత్సరం. ఇంట్లో నేనున్నానా లేదా అని రోజూ అడిగింది ఆయనొక్కడే. ఈయన టీవీలో నుంచి తల తిప్పితే గదా."

శేషయ్య నేల మీది మడుగు వంక చూశాడు. ప్రమీలారాణి కలం మూత తీసింది. ఇక ఏం చేయాలో తోచక, పాత అలవాటు కొద్దీ, శేషయ్య ఆమెను కూడా అదే ప్రశ్న అడిగాడు.

"అమ్మా, పడుకోబోయే ముందు తమరు రెండోసారి ఏం చూసుకుంటారు?"

ఆమె కలం ఆగింది. రూలు ప్రకారం ఆ ప్రశ్నకు జవాబు చెప్పనవసరం లేదు.

"హాజరు పట్టీ" అంది. "పొద్దున సంతకం పెట్టానా లేదా అని అనుమానం వస్తుంది. వాచ్‌మన్‌కి ఫోన్ చేసి చూడమంటాను. ఉందండీ మేడమ్ అంటాడు. పావుగంటాగి మళ్లీ చేస్తాను."

ఆ కొట్లో కూర్చున్న ముప్ఫై ఏళ్లలో ఇంత సరైన జవాబు శేషయ్య వినలేదు. పోస్టుమాన్ కూడా విన్నాడు కాబోలు, సంచీ సర్దుకుని లేచాడు. బల్ల మీద వేలి కణుపుతో మూడుసార్లు కొట్టాడు. అడిగాడు.

అక్షరాలు బల్ల కింద పడ్డాయి. ప్రమీలారాణి వంగి చదువుకుంది. మళ్లీ నిటారుగా కూర్చోవడానికి కొంత సమయం పట్టింది. ఆఫీసు నుంచి వెంట తెచ్చిన హాజరు పట్టీ తెరిచి తన సంతకం చూసుకుంది. తన చేతిని చూసుకుంది. బల్ల మీదున్న భయం కొలిచే యంత్రంలో ముల్లు పొద్దుటి నుంచి మొదటిసారి కదిలి, ఎనిమిది దగ్గర ఆగింది.

"సినిమా బాగుంటుందా?" అని అడిగింది.

ఎనిమిదేళ్లుగా శేషయ్య గొంతులో ఆపుకున్న మాట బయటికి వచ్చింది.

"బాగుంటదమ్మా. చాలా బాగుంటది" అన్నాడు శేషయ్య.

ఎవరూ కోరుకోని దయ్యాన్ని సంబంధిత అధికారి స్వయంగా తీసుకోవచ్చునని అయిదో నిబంధనలో ఉంది. ఆమె మిగులు రిజిస్టరు మూసి, తన పేరు మీద ఉత్తర్వు తనే రాసుకుంది.

శుక్రవారం రిలీవింగ్. నాంచారమ్మ ఆయన సంచీలో ఉత్తరాల పక్కన గోంగూర పచ్చడి సీసా పెట్టింది. "కారం ఎక్కువైతే నెయ్యేసుకోమని ఇంగ్లీషులో చెప్పు" అంది. శేషయ్య చెప్పాడు. పోస్టుమాన్ వెళ్లాక ముందుగది గంటలో వేడెక్కింది.

పదిహేను రోజులకు జాయినింగ్ రిపోర్టు నోటీసు బోర్డు మీదికి వచ్చింది. భయం: పదికి తొమ్మిది. కారణం అన్నచోట ఇలా ఉంది: "రోజూ సాయంత్రం అడుగుతున్నారు. లేచి వెతుక్కోవలసి వస్తోంది. సాధారణంగా ఇరవై నిమిషాల్లో దొరుకుతున్నాను." దాని కింద అధికారి హోదాలో ఆమే "కారణం సమంజసం" అని రాసి ముద్ర వేసింది. దయ్యానికి ఇక ఢోకా లేదు. శేషయ్య ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, ఇంటికెళ్లి భార్యకు చెప్పాడు.

చదివింది ఆయన ఒక్కడే కాదు. నెల తిరిగేసరికి ఫిన్లాండ్ సినిమా కోసం రెండువందల పన్నెండు దరఖాస్తులు వచ్చాయి. వాటిలో ఒంటరిగా ఉండేవాళ్లు ఎవరూ లేరు. ఇంట్లో ఎందరు అన్నచోట అయిదుగురు, ఆరుగురు, తొమ్మిదిమంది అని ఉంది. సుబ్బారాయుడి దరఖాస్తు నాలుగోది. కొరియా ముసలామెను వెనక్కి పంపడానికి కూడా సిద్ధమేనన్నాడు.

దయ్యం ఒక్కటే కాబట్టి, ప్రమీలారాణి మునిసిపాలిటీ కుళాయి పద్ధతి పెట్టింది: వార్డుకు వారంలో రెండు రోజులు, సాయంత్రం పావుగంట. ఆ పావుగంటలో పోస్టుమాన్ వీధి వెంట తలుపులు కొట్టుకుంటూ వెళతాడు. టీవీలు ఆగుతాయి. ఫోన్లు బోర్లా పడతాయి. జనం లేచి గదుల్లో, మంచాల కింద, అద్దాల్లో తమను తాము వెతుక్కుంటారు. ఎక్కువమంది దొరుకుతున్నారు. దొరకనివాళ్ల పేర్లు వార్డు ఆఫీసు బయట అంటిస్తున్నారు. వాళ్లు రోజూలాగే కొట్లు తెరుస్తున్నారు, పిల్లలను బడిలో దింపుతున్నారు, పెళ్లిళ్లకు వెళ్లి భోజనాలు చేస్తున్నారు. వాళ్ల విషయంలో ఏ చర్యా అవసరం లేదని శాఖ తేల్చింది. ఇంట్లోవాళ్లెవరూ ఫిర్యాదు చేయలేదు.

శేషయ్య వార్డుకు సోమ, గురువారాలు. తలుపు చప్పుడు వినగానే నాంచారమ్మ పొయ్యి తగ్గించి, "ఉన్నాం నాయనా" అంటూ వెళ్లి, మజ్జిగ గ్లాసు అందిస్తుంది. శేషయ్య ఈపాటికి ముందుగది, పడగ్గది, వంటిల్లు చూసేశాడు. బీరువాలో పాత క్యాసెట్లు ఒక్కొక్కటే తీసి, వాటి వెనక చూస్తున్నాడు.

"కంగారేం లేదు, నిదానంగా చూసుకో" అంది నాంచారమ్మ గుమ్మంలోంచి. "నువ్వున్నావనే చెప్పాన్లే ఆయనకి."